కారు మీద ఎవరి పేరు?

మొన్న మా బావమరిది కొత్త కారు కొని, వాహనపూజకి కొండగట్టు రమ్మంటే వెళ్ళాను. మా కరీంనగర్ వైపు బండి కొంటే ముందు అంజన్నకి చూపించాల్సిందే లెండి. దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారిగారు ఓనరు పేరు, గోత్రం అడిగారు. అప్పుడే నాకో పిచ్చి సందేహం వచ్చింది. అసలు ఈ కారు బొమ్మ గీసినాయన పేరేంటి?

మావాణ్ణి అడిగితే, "ఎవలు గీస్తే నాకేంది బావా, కిస్తీలు కట్టేది నేను గద!" అన్నాడు.

పదమూడేళ్ళుగా ఎవరి పేరో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి కోడు రాస్తున్నవాణ్ణి కదా, ఆ మాట ఎక్కడో తగిలింది. వెంటనే డాట్సన్ 240జెడ్ గుర్తొచ్చింది.

1969లో నిస్సాన్ బయటపెట్టిన స్పోర్ట్స్ కూపే అది. పొడుగు ముక్కు, పొట్టి తోక. అమెరికాలో ధర 3,526 డాలర్లు. ఇంజనీర్లకి నచ్చే ముచ్చట ఇంజన్‌లో ఉంది. వాళ్ళ మామూలు సెడాన్‌ 510లో నాలుగు సిలిండర్ల 1.6 లీటర్ల ఇంజన్ ఉండేది. సిలిండర్ కొలతలు అవే ఉంచి (83 మి.మీ. బోర్, 73.7 మి.మీ. స్ట్రోక్), ఇంకో రెండు సిలిండర్లు కలిపితే 2.4 లీటర్లయింది. మనం చెప్పుకునే కోడ్ రీయూజ్ అంటే ఇదే! అదే కాలంలో వచ్చిన టయోటా 2000జీటీ కూడా అందగత్తే, కానీ తయారైనవి మూడొందల యాభై చిల్లర. మొదటి తరం జెడ్ కార్లు మాత్రం 1978 నాటికి ఐదు లక్షలు దాటాయి.

ఇంత హిట్టయ్యాక పేరు గొడవ రాకుండా ఉంటుందా? బీఎండబ్ల్యూ 507 గీసిన ఆల్బ్రెక్ట్ గోర్ట్జ్ 1960ల మొదట్లో నిస్సాన్‌కి కన్సల్టెంటుగా పనిచేశాడు. జెడ్ డిజైన్ మొదలయ్యేసరికి వెళ్ళిపోయాడు. అయినా చాలాకాలం ఆ కారు ఆయనదే అని రాశారు. దాన్ని నిజంగా రూపుదిద్దింది యోషిహికో మత్సువో, ఆయన చిన్న స్టూడియో. 1980లో నిస్సాన్ ఓ ఉత్తరంలో, డిజైన్ మా ఉద్యోగులదే, కాకపోతే వాళ్ళమీద గోర్ట్జ్ పని ప్రభావం ఉంది అని తేల్చింది. నాకైతే న్యాయంగానే అనిపించింది. నేర్పినవాడికి నేర్పినంత, చేసినవాడికి చేసినంత.

మరి మన సంగతి? ఇదే నిస్సాన్ సహకారంతో 1980ల్లో మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యాయి. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్ళింది. ఆ లారీలు బిగించినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పగలరా? నేను చెప్పలేను.

ఓసారి మా టీము ఏడాదిన్నర కూర్చుని చేసిన మాడ్యూల్‌ని ఆన్‌సైట్‌లో డెమో ఇచ్చారు. చివరి స్లైడులో నాలుగు పేర్లున్నాయి. రాసినవాళ్ళది ఒక్కటీ లేదు. రాత్రి రెండింటికి బగ్ వస్తే మాత్రం మా పేర్లు ఠక్కున దొరికేవి!

జీతమిచ్చారుగా, ఇంకా పేరెందుకు అంటారు కొందరు. నిజమే, కోడు కంపెనీదే. కానీ ఆస్తి వేరు, పనితనం వేరు. పేరుంటే పొగడ్తే కాదు, బాధ్యత కూడా ఉంటుంది. రేపు కొత్తగా చేరిన కుర్రాడికి "ఇది ఇలా ఎందుకు రాశారు" అని ఎవరిని అడగాలో తెలుస్తుంది. పైగా ఖర్చు? ఒక స్లైడులో నాలుగు లైన్లు.

అందుకని నేను లీడ్ అయినప్పటినుంచీ రిలీజ్ నోట్‌లో టెస్టింగ్ పిల్లలతో సహా అందరి పేర్లూ పెడుతున్నాను. మేనేజరుగారు రెండుసార్లు తీసేశారు. మూడోసారి వదిలేశారు.

మీ చివరి రిలీజ్ నోట్‌లో ఎవరి పేర్లున్నాయి? ఒకసారి తెరిచి చూడండి.