తవ్వేవాళ్ల తలలెక్క

తవ్వకాల్లో పాత విగ్రహం యేదైనా బయటపడితే మర్నాటి పత్రికలో ఫొటో వస్తుంది. విగ్రహం వుంటుంది, పక్కన నలుగురు పెద్దమనుషులు వుంటారు. యెండలో, గోతిలో, మోకాళ్లమీద కూచుని కుంచెతో మన్ను తుడిచి దాన్ని వెలికి తీసిన మనిషి సాధారణంగా కనిపించడు. అతనికి జీతమెంత, ఆ వుద్యోగం యెన్నాళ్లది, ఈ గొయ్యి పూడ్చేశాక యెక్కడికి పోతాడు, ఇవేవీ మనం అడగం. రెండువేల యేళ్ల కిందటి రాజుగారి ఖజానా సంగతి తెలిస్తే మురిసిపోతాం గాని, ఆ సంగతి చెప్పిన మనిషి ఇంటద్దె యెల్లా కట్టుకుంటున్నాడో మనకి పట్టదు.

బ్రిటన్‌లో పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న తామే వేసుకుని, తమ తలలు తామే లెక్కపెట్టుకున్నారు. ఆ దేశానికీ మనకీ ఈ విద్యలో పాత చుట్టరికమే వుంది. మన కేంద్ర పురావస్తు శాఖకు 1944 నుంచి 1948 దాకా అధిపతిగా వుండి, మట్టిని పొరలు పొరలుగా తవ్వి చదవటం తక్షశిలలో మన కుర్రవాళ్లకు నేర్పిన మార్టిమర్ వీలర్ అక్కడివాడే. అంచేత వాళ్ల లెక్క మనం కాస్త తీరికగా చూడటంలో తప్పులేదు.

ముందు ఒక్క సంగతి చెప్పాలి. 1989లో లండన్‌లో ఆఫీసు భవనం కట్టబోతున్న చోట షేక్‌స్పియర్ కాలంనాటి రోజ్ నాటకశాల పునాదులు బయటపడ్డాయి. పేరున్న నటీనటులు వీధిలోకి వచ్చి అడ్డుపడ్డారు. పెద్ద గొడవే అయింది. ఆ మరుసటేడు, 1990లో, భవనాల అనుమతులిచ్చే అధికారులకు ఇంగ్లండు ప్రభుత్వం కొత్త సూత్రాలు పంపింది. నేలకింద పాత అవశేషాలున్న చోట యెవరైనా కట్టదలిస్తే, వాటికి హాని లేకుండా కట్టుకోవాలి. అది కుదరకపోతే ముందు తన ఖర్చుతో తవ్వించి, వివరాలు రాయించి, అప్పుడు కట్టుకోవాలి. న్యాయమైన మాటే. ఐతే ఆ రోజునుంచీ పురావస్తు శాస్త్రజ్ఞుడి అన్నం ఇళ్లు కట్టేవాడి వంటింట్లో వుడకటం మొదలెట్టింది.

ఇక అంకెలు చూడండి. 1997–98లో మొదటి లెక్క తీస్తే, ఈ వృత్తిలో వున్నవారు 4,425 మంది. 2002–03లో 5,712. 2007–08లో 6,865. పదేళ్లలో సగానికి పైగా పెరిగారన్నమాట. తవ్వకాల కంపెనీలు వెలిశాయి. చరిత్ర చదివినవాడికి కూడా పని దొరికే రోజులొచ్చాయని అక్కడి తల్లిదండ్రులు సంతోషించి వుంటారు. ఇంతలో 2008లో బాంకులు తలకిందులయినాయి. ఇళ్లు కట్టటం ఆగింది. 2012–13లో మళ్లీ లెక్కపెడితే తేలినవారు 4,792 మంది. నూటికి ముప్ఫైమంది లెక్కలోంచి జారిపోయారు. నేలలో చరిత్ర తరిగిపోలేదు, ఊళ్లో అప్పు పుట్టలేదు, అంతే!

జీతం సంగతి కూడా వినండి. ఈ వృత్తిలో పదిమందిలో తొమ్మిదిమంది పట్టభద్రులు. ఐనా 2007–08లో వీరి సగటు సంపాదన సంవత్సరానికి 23,310 పౌన్లు. ఆ రోజుల్లోనే దేశంలో పూర్తికాలం పనిచేసేవారి సగటు దాదాపు ముప్ఫైవేలు. ఇంత చదివినవాడికి అంత తక్కువేమిటంటారా? భవనం కట్టేవాడికి కావలసింది అనుమతి, చరిత్ర కాదు. నాలుగు కంపెనీలను ధర అడుగుతాడు. తక్కువ చెప్పినవాడికి పని ఇస్తాడు. ఆ తక్కువ చివరికి గోతిలో కూచున్నవాడి జీతంలోంచే వస్తుంది. చాలామంది కుర్రవాళ్లకి కొద్ది నెలల ఒప్పందమే. అది ముగిస్తే పెట్టె సర్దుకుని మరో ఊరికి ప్రయాణం.

మంచి మాటా ఒకటుంది. 2007–08లో నూటికి 41 మంది స్త్రీలుంటే, ఐదేళ్ల తరవాత 46 మంది అయ్యారు. విచిత్రం ఇంకొకటి. లండన్ నుంచి ఉత్తరానికి కొత్త రైలుమార్గం వేయటానికి పూనుకున్నప్పుడు వెయ్యిమందికి పైగా పురావస్తు శాస్త్రజ్ఞులు కావలసివచ్చారు. 2019లో ప్రభుత్వం ఈ వృత్తిని మనుషుల కొరత వున్న వృత్తుల జాబితాలో చేర్చింది. పదేళ్లకింద ఇంటికి పంపినవాళ్ల కోసం మళ్లీ వెతుకులాట! కాని అప్పటికి మరో బతుకుతెరువు చూసుకున్నవాడు తిరిగి వస్తాడా? ఇరవయ్యేళ్ల చెయ్యి నేర్చిన విద్య పుస్తకంలో దొరికేది కాదు గదా.

మొన్న ఒక తండ్రి నాకు వుత్తరం రాశారు. అమ్మాయి ఆర్కియాలజీ చదువుతానని పట్టుబడుతోందట, చదివించమంటారా అని అడిగారు. మన దేశంలో తీరు వేరండీ. నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోతున్న లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వినప్పుడు ఆనకట్ట కట్టించిందీ ప్రభుత్వమే, తవ్వించిందీ ప్రభుత్వమే. ఇవాళ కూడా ఇక్కడ ఈ వుద్యోగాలు ముఖ్యంగా ప్రభుత్వ శాఖల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ వుంటాయి. ఇళ్ల బేరం పడిపోతే పని పోతుందన్న భయం తక్కువ. పోస్టు ఖాళీ అయితే నిండదన్న భయం ఎక్కువ. కేంద్ర పురావస్తు శాఖలో సిబ్బంది కొరతను 2013లో ఆడిటర్ జనరల్ నివేదిక కూడా యెత్తి చూపింది.

అంచేత, అయ్యా, అమ్మాయిని చదివించండి. కాని చేరేముందు రెండు ప్రశ్నలు అడగమనండి: ఈ జీతం యెవరి డబ్బు? ఆ డబ్బు యెన్నాళ్లు వస్తుంది? చరిత్రతోపాటు సర్వేయింగు, డ్రాయింగు, ఫొటోగ్రఫీ, పాత వస్తువుల్ని చెడకుండా కాపాడే పని నేర్చుకోమనండి. గొయ్యి మూసేసినా చేతిలో విద్య వుంటుంది.

మన ప్రభుత్వాలను నేను అడిగేది ఒక్కటే. ఈ తలలెక్క ఇక్కడా అయిదేళ్లకోసారి తీసి అచ్చువేయించండి. ఎం.ఏ. చదివినవాళ్లతో ఆపకండి. పార తగలగానే ఇది గోడ, ఇది వట్టి మన్ను అని చెప్పగల దినకూలీని కూడా పేరుతోనూ జీతంతోనూ రాయండి.