సైకిల్ పందేనికి చెప్పే దారి మా చేనుకి చెప్పరా?

ఈసారి పోస్టు కాస్త పొడుగే. సాయంత్రం తీరిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే కింద తిట్టండి, పడతాను. సగం చదివి మాత్రం తిట్టొద్దు.

పోయిన ఆదివారం పొద్దున్నే తిరువూరు బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. మన కుర్రాళ్లు నలుగురు వచ్చారు. గేర్ల సైకిళ్లు, నెత్తిన హెల్మెట్లు, ఎ.కొండూరు దాకా తొక్కి వచ్చారంట. ఈ జనవరిలో పుణెలో సైకిల్ పందెం జరిగినప్పట్నుంచి వీళ్లకి అదే లోకం. పుణె గ్రాండ్ టూర్ అని, జనవరి 19 నుంచి 23 దాకా అయిదు రోజులు, 437 కిలోమీటర్లు. యూసీఐ అంటే ప్రపంచ సైక్లింగ్ సంఘం. వాళ్ల లెక్కలో 2.2 స్థాయి స్టేజ్ రేసు మన దేశంలో జరగటం అదే మొదలు. స్టేజ్ రేసు అంటే తెలియనివాళ్లకి ఒక ముక్క: రోజుకో దారిన తొక్కుతారు, అన్ని రోజుల టైమూ కూడుతారు, ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు.

కుర్రాళ్లు ఫోన్లో ఒక మ్యాపు గీశారు. రేపు మన ఆంధ్రాలో ఇట్లాంటి పందెం పెడితే దారి ఎటు పోవాలి? మొదటి రోజు విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు. రెండో రోజు తిరువూరు నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం. "అది తెలంగాణ కదరా" అన్నాను. "సైకిల్‌కి బోర్డరేంటి బాబాయ్" అన్నాడొకడు. మూడో రోజు చింతూరు, మారేడుమిల్లి ఘాట్. ఆఖర్న అరకు కొండెక్కటం. ఇంకొకడేమో "మన ఊరు ఎవడు పెడతాడ్రా, విశాఖ బీచ్ రోడ్డు, అమరావతి చూపించుకుని సరిపెడతారు" అన్నాడు. ఇక పోట్లాట. నేనూ తక్కువోడినా, విస్సన్నపేట వైపు తిప్పితే బావుంటుందని నేనూ ఒక చెయ్యి వేశాను.

పక్క బల్ల మీద పెద్దాయన ఒకాయన ఇదంతా విని, గ్లాసు కింద పెట్టి, ఒకే మాట అడిగాడు. "ఇంతకీ అది ఎవరి పొలాల్లోంచి పోద్దిరా?"

కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదండి. ఈ పోస్టు ఆ ప్రశ్న గురించే.

ముందు సైకిల్ సంగతి చెప్తాను. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద పందెం టూర్ ద ఫ్రాన్స్. 1903లో ఒక పత్రిక తన కాపీలు పెంచుకోటానికి మొదలెట్టింది. ఆ పందెం దారి ఎటు అనే ఊహాగానం అక్కడ ఒక పెద్ద కాలక్షేపం. జులైలో పందెం, కానీ అంతకుముందు ఏడాదంతా జనం కూపీ లాగుతూనే ఉంటారు. ఫలానా ఊళ్లో ఫలానా రాత్రికి లాడ్జీలన్నీ ముందే బుక్కయ్యాయంటే ఆ ఊళ్లో స్టేజి ఉన్నట్టే అంటారు. ఒక ఊరి మేయరు నోరు జారితే లోకల్ పేపర్లో వచ్చేస్తుంది. కొండ మీద రోడ్డుకి కొత్త తారు పడితే అదీ ఒక ఆనవాలే. ముక్క ముక్క అతికించి మ్యాపులు గీస్తారు.

ఇదంతా ఎన్నాళ్లు? అక్టోబరు దాకా. అక్టోబరులో ప్యారిస్‌లో ఒక హాల్లో అందరి ముందు తెర మీద పూర్తి మ్యాపు వేసేస్తారు. ఈ ఏడాది దారి పోయిన అక్టోబరు 23నే చెప్పేశారు. జులై 4న స్పెయిన్‌లో బార్సిలోనాలో మొదలు, 26న ప్యారిస్‌లో ఆఖరు, 21 స్టేజీలు, 3,333 కిలోమీటర్లు. 2027లో ఎడిన్‌బరోలో మొదలవుతుందని 2025 మార్చిలోనే ప్రకటించారు. రెండేళ్ల పైన ముందు! చాంపియనుకీ, విలేకరికీ, దారి పక్క పాలు పితికే రైతుకీ అదే రోజు అదే మ్యాపు. గీత తప్పు ఊహించినవాడికి పోయేదేంటి? పందెం కాసిన టీ డబ్బులు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మన దగ్గర కూడా దారుల మీద ఊహాగానాలు నడుస్తాయి. సైకిల్ పందెం దారి కాదు, హైవే దారి. ఈ పదేళ్లలో మన జిల్లాలో "రూటు ఎటంట?" అనని ఊరు ఏదన్నా ఉందా? ఖమ్మం నుంచి విజయవాడకి గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు మన గంపలగూడెం మండలం మీదుగా వచ్చింది. అమరావతి చుట్టూ దాదాపు 190 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు అంటున్నారు. రోడ్లు వద్దని నేననట్లేదు, గుర్తుపెట్టుకోండి. మామిడికాయ నున్న మార్కెట్‌కి దెబ్బ తగలకుండా చేరాలంటే రోడ్డు కావాల్సింది నాకే. నా గొడవ రోడ్డుతో కాదు. దాని మ్యాపు ఎవరి జేబులో ముందుంటుంది అన్నదాంతో.

మనకీ ఆనవాళ్లున్నాయి. జీపులో నలుగురు దిగి మూడు కాళ్ల యంత్రం నిలబెడతారు. డ్రోన్ ఎగురుతుంది. గట్టు మీద ఒక రాయి, దానికి ఎర్ర రంగు. "ఏంటి బాబూ" అంటే "మాకేం తెలీదండి, కొలవమన్నారు" అంటారు. వాళ్లని అనుకుని లాభం లేదు, నిజంగానే తెలియదు వాళ్లకి. ఎందుకంటే కాగితం మీద ఒక గీత ఉండదు, మూడో నాలుగో ఉంటాయి. ఏది ఖాయమవుద్దో పైనెక్కడో తేలుతుంది. అక్కడ తేలటానికీ, మన చేతికి కాగితం రావటానికీ మధ్య ఉన్న నెలలున్నాయి చూశారా, ఆ నెలల్లోనే పల్లెటూళ్లు మునిగేది.

నా కళ్లతో చూసింది చెప్తాను. ఏ రోడ్డో, ఏ ఏడో చెప్పను, పేర్లు అసలే చెప్పను. నాకు బాబాయి వరసయ్యే ఆయన, ఎకరంన్నర మామిడి తోట. "ఈ రూటు మీ తోట మీదుగానే, మొత్తం పోద్ది, గవర్నమెంటు ఇచ్చేది చేతికొచ్చేసరికి నీ మనవడికి పెళ్లవుద్ది, ఇప్పుడే నాకు ఇచ్చెయ్" అని ఒక మధ్యవర్తి రోజూ ఇంటికొచ్చేవాడు. ఫోన్లో మ్యాపు కూడా చూపించాడు. బాబాయికి ఆ మ్యాపు అర్థం కాలేదు, భయం మాత్రం అర్థమైంది. అమ్మేశాడు. తర్వాత గెజిట్ వచ్చింది. అందులో ఆ సర్వే నంబరు లేనే లేదు. రోడ్డు కొంచెం అవతల నుంచి పోయింది. ఆ తోట రేటు ఎక్కడికో పోయింది. ఇప్పుడు బాబాయి పొద్దున ఊళ్లోకి వెళ్లాలంటే ఆ తోట పక్క దారిన పోడు. చుట్టూ తిరిగి పోతాడు.

మధ్యవర్తికి గీత ముందే తెలుసని నేను రుజువు చెయ్యలేను. కానీ బాబాయికి తెలియదని మాత్రం రుజువు చెయ్యగలను.

ఇంకో రకం దెబ్బ నాకే తగిలింది. నా చేలో ఒక రాయి పాతారు. "పోద్దంట" అన్నారు ఊళ్లో. పోయే పొలంలో బోరు ఎవడేస్తాడు? ముసలి చెట్లు తీసి కొత్త మొక్క ఎవడు పెడతాడు? మూడేళ్లు ఆగాను. రోడ్డు రాలేదు. రాయి అట్లాగే ఉంది. ఆ మూడేళ్ల మొక్క ఈపాటికి కాపుకొచ్చేది. దీనికి ఏ చట్టంలో పరిహారం ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

చట్టం ఏమంటుందో కూడా చెప్తాను, పనికొస్తుంది. జాతీయ రహదారుల చట్టం 1956లోది. 3ఏ నోటిఫికేషన్ అంటే "ఈ భూమి తీసుకోవాలనుకుంటున్నాం" అని గెజిట్‌లో వేయటం. దాని సారాంశం రెండు స్థానిక పేపర్లలో రావాలి, ఒకటి మన భాషలో. 3ఏ గెజిట్‌లో వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వాలి, అది 3సీ. తర్వాత 3డీ పడిందంటే భూమి కేంద్రానిది అయిపోయినట్టే. పరిహారానికి ధర లెక్కగట్టేది 3ఏ వచ్చిన తేదీ నాటికి. దాని మీద 2013 చట్టం ప్రకారం నూటికి నూరు సోలేషియం కలుస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. గెజిట్‌కి నెల ముందు మీరు భయపడి అమ్మితే, ఆ పరిహారం ఎవరిది? కొన్నవాడిది. మీ తాత తవ్విన బావికీ, మీ నాన్న నాటిన చెట్లకీ వచ్చే సొమ్ము, మొన్న కారులో వచ్చి సంతకం పెట్టించుకున్నవాడిది.

సైకిల్ పందెం గీత నెలల ముందే తెలుస్తుంది. బతుకు మీద పడే గీతకి మాత్రం 21 రోజులు.

"అయ్యా, ముందే చెప్తే రియల్ ఎస్టేటోళ్లు దిగిపోతారు, రేట్లు పెంచేస్తారు, రోడ్డు ఖర్చు పెరిగిపోద్ది" అంటారు. ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. సూటిగా అడుగుతాను: ఇప్పుడు దిగట్లేదా? రహస్యం వల్ల ఆగారా? ఆ రహస్యం పట్నంలో ఉన్నవాడికి అమ్ముడుపోతుంది, పల్లెలో ఉన్నవాడికి దాచబడుతుంది. తెలిసిన సమాచారంతో ఎవరూ దోచలేరండి. ఒకడికి తెలిసి ఇంకొకడికి తెలియనప్పుడే దోపిడీ. అంతగా రేట్ల భయం ఉంటే, మ్యాపు వేసిన రోజు నుంచి ఆ సర్వే నంబర్లలో కొత్త అమ్మకాల మీద కొన్నాళ్లు కట్టడి పెట్టండి. అందరికీ చెప్పి కట్టడి చెయ్యటం వేరు, చీకట్లో ఉంచి వేట ఆడటం వేరు.

ఇంకొకరంటారు, "గీత మారితే? ముందే చెప్పి తర్వాత మారిస్తే పరువు పోదా?" అని. దీనికి సమాధానం కూడా సైకిల్ పందెంలోనే ఉంది. పశువులున్న వాళ్లు ఇది చదవాలి.

పోయినేడు, 2025 జులై 25. టూర్ ద ఫ్రాన్స్ 19వ స్టేజి. ఆల్ప్స్ కొండల్లో ఆల్బర్ట్‌విల్ నుంచి లా ప్లాన్యకి. నెలల ముందే అచ్చేసిన దారి, 129.9 కిలోమీటర్లు. ముందురోజు ఒక కబురొచ్చింది. దారిలో కోల్ ద సెజీ అనే కనుమ దగ్గర ఒక మందలో లంపీ స్కిన్ బయటపడింది. 2022లో మన దేశంలో ఆవుల్ని ఊడ్చేసిందే, ఆ ముద్ద చర్మ వ్యాధే. అక్కడి పద్ధతి ప్రకారం ఆ మందని చంపేయాల్సి వచ్చింది. పందెం వాళ్లు ఏం చేశారు? ఆ కొండ వదిలేసి, దారిని 95 కిలోమీటర్లకి కుదించేశారు. ఆ రైతుల బాధని చూసి, పందెం సజావుగా జరగటం కోసం ఈ మార్పు అని పైకే చెప్పారు. టీవీల వాళ్లు, స్పాన్సర్లు, కొండ మీద రోజుల ముందే గుడారాలేసుకున్న జనం, అందరూ సర్దుకున్నారు. పరువు పోలేదు, సరికదా పెరిగింది.

అక్కడ అంతా స్వర్గమని చెప్పట్లేదు. 2018లో రైతులు దారికి అడ్డంగా గడ్డి మోపులు పడేస్తే పోలీసులు భాష్పవాయువు కొట్టారు, అది పోయి సైకిలిస్టుల కళ్లల్లో పడింది, పందెం పావుగంట ఆగింది. గొడవలు అక్కడా ఉన్నాయి. కానీ మార్చాల్సి వస్తే కారణం బయటికి చెప్పి మార్చొచ్చని ఒక ఆటకి తెలిసింది. ఆటకి తెలిసింది ప్రభుత్వానికి తెలియదా?

నేనడిగేది మూడే. ఒకటి, సర్వే రాయి పాతే ముందు ఆ గీతలన్నీ, మూడుంటే మూడూ, సర్వే నంబర్లతో సహా తెలుగులో గ్రామ సచివాలయం గోడకి అంటించండి. అన్ని ఊళ్లలో ఒకే రోజు. రెండు, గ్రామసభలో చదివి వినిపించండి, మ్యాపు చదవలేనివాళ్లు మా ఊళ్లో సగం మంది. మూడు, ఒక గీత వద్దనుకున్న రోజే రాసి చెప్పండి: "ఈ నంబర్లకి ఇక భయం లేదు, బోరేసుకోండి, మొక్క పెట్టుకోండి" అని. రాయి మీరే పీకండి.

చదివే మీకు కూడా ఒక మాట. రూటు భయంతో అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి. ఫోన్లో ఎవరన్నా మ్యాపు చూపిస్తే "దీని గెజిట్ నంబరెంత?" అని అడగండి. లేదంటే టీ ఇచ్చి పంపించండి. 3ఏ వచ్చిందంటే ఆ 21 రోజుల్లో పెళ్లిళ్లు, తిరునాళ్లు పక్కన పెట్టి ముందు అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోండి.

కుర్రాళ్లూ, మీ మ్యాపు నాకు నచ్చింది. మన దగ్గరికి ఆ పందెం రావాలనే నా కోరిక కూడా. వస్తే నా తోట ముందు మంచినీళ్లు, బంగినపల్లి ముక్కలు నావి. కానీ ఆ పెద్దాయన్ని చూసి నవ్వారే, అది మాత్రం తప్పు. మీరు దారి అనగానే సైకిల్ చూశారు. ఆయన దారి అనగానే గట్టు చూశాడు. ఈ ఊళ్లో ఎవరూ ఆ ప్రశ్న అడగనక్కర్లేని రోజు వచ్చినప్పుడు, అందరం కలిసి నవ్వుకుందాం.

మీ చేలో కూడా ఎర్ర రంగు రాయి ఉంటే, ఎన్నేళ్లయిందో కింద రాయండి.