ప్రత్యర్థులకు మంత్రిపదవులు

జయించిన పక్షము రాజ్యభారమును వహించుట లోకసహజము. జయించినవాడు తన్నెదిరించినవానిని పిలిచి, ప్రక్కనే ఆసనమొసగి, రాజ్యమున నొక ముఖ్యశాఖ నప్పగించుట మాత్రము మిక్కిలి యరుదు. ఇట్టి పని జరిగినప్పుడు లోకము రెండు విధములుగ మాటలాడును. కొందరు నాయకుని ఔదార్యమును కొనియాడుదురు. మరికొందరు వచ్చినవానిని పదవీలోలుడనియు, పిలిచినవానిని బలహీనుడనియు నిందింతురు. రెండును తొందరపాటు మాటలే. ఏ కార్యమునకై పిలిచిరి? వచ్చినవాడు దేనిని వదలుకొని వచ్చెను? వచ్చిన పిమ్మట నేమి చేయనిచ్చిరి? పోదలచినప్పు డెట్లు పోయెను? ఈ నాలుగు ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకినగాని యా పని మంచిచెడ్డలు తేలవు. మన దేశమున 1947 ఆగష్టు 15వ తేదీన నేర్పడిన మొదటి మంత్రివర్గము ఈ ప్రశ్నల కన్నిటికిని ఒరగల్లుగా నిలువదగినది.

పండిత జవహర్లాలు నెహ్రూగారితో కలిసి నాటి మంత్రులు 14 మంది. వారిలో పటేలు, రాజేంద్రప్రసాదు, ఆజాదు మున్నగు ఎనమండుగురు కాంగ్రెసువారు. తక్కిన యార్గురు కాంగ్రెసుకు వెలుపలివారు. ఈ యార్గురిలో భాభా, జాన్ మత్తాయి గారలు వ్యాపార ఆర్థిక విషయములయందు ప్రవీణులు. బలదేవసింగుగారు సిక్కుల ప్రతినిధి. మిగిలిన మువ్వురును, అనగా అంబేద్కరు, శ్యామాప్రసాద ముఖర్జీ, షణ్ముఖం చెట్టి గారలు, కాంగ్రెసు నెదిరించి పేరు పడినవారు. న్యాయశాఖ, పరిశ్రమల శాఖ, ఆర్థికశాఖ యీ మువ్వురి చేతులలో పెట్టబడెను. ఇవి పేరుకు మాత్రమిచ్చు పదవులు గావు, నూతనరాజ్యమునకు స్తంభములవంటివి.

ఆ యెదిరింపు సామాన్యమైనది కాదు. 1932లో ప్రత్యేక నియోజకవర్గముల విషయమై గాంధీమహాత్ముడు యరవాడ చెరసాలలో ఉపవాసము పూనగా, ఎదుటిపక్షమున నిలిచి పూనా ఒడంబడికపై సంతకము చేసినవారు అంబేద్కరుగారు. 1942లో కాంగ్రెసు నాయకులు కారాగారములకు పోవుచుండగా, వైస్రాయి కార్యనిర్వాహక సభలో కార్మికశాఖను వహించి 1946 వరకు నుండినవారును ఆయనయే. కాంగ్రెసును, గాంధీగారిని అస్పృశ్యుల విషయమున దోషులుగా నిలిపి 1945లో ఆయనయొక పెద్ద గ్రంథమునే ప్రకటించెను. షణ్ముఖం చెట్టిగారు మద్రాసు రాజధానిలో జస్టిసు పక్షమువారుగా పేరుపడి, 1934 ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థిచేత నోడి, పిదప కొచ్చిను దివానుగా నుండిరి. జస్టిసు పక్షమునకును కాంగ్రెసునకును గల వైరమెట్టిదో 1937లో బొబ్బిలి రాజాగారిని వరాహగిరి వెంకటగిరిగారు ఓడించిననాటి తెలుగుదేశమునకు చక్కగా తెలియును. ముఖర్జీగారు హిందూ మహాసభకు అధ్యక్షులు. ఆయనయు ప్రత్యర్థులతో కలిసి పనిచేసిన అనుభవము గలవారే: 1940లో లాహోరు తీర్మానమును ప్రతిపాదించిన ఫజ్లుల్ హక్ గారి బెంగాలు మంత్రివర్గమున 1941లో చేరి, ఆర్థికశాఖను వహించి, మరుసటి యేడు విడిచివచ్చిరి.

ఇక మొదటి ప్రశ్న. ఇట్టివారి నేల పిలిచిరి? రాజ్యాంగసభలో కాంగ్రెసునకు బలము చాలకకాదు. అచ్చట దానిని కదల్చగలవా రెవ్వరును లేకుండిరి. బలము లేక పిలుచుట వేరు, బలముండియు పిలుచుట వేరు. నాడు దేశము రెండు ముక్కలైనది. పంజాబు, బెంగాలులనుండి లక్షోపలక్షల జనము ఇల్లువాకిళ్లు విడిచి వచ్చుచుండిరి. అయిదువందలకు పైబడిన సంస్థానములను కలుపుకొనవలసియుండెను. తిండిగింజల కొరత దేశమును పీడించుచుండెను. రాజ్యాంగము ఇంకను కాగితముపైకి రాలేదు. ఇంతటి బరువు నొక్క పక్షము భుజములపై మోయజాలదని పెద్దలు గ్రహించిరి. స్వాతంత్ర్యము దేశమునకు వచ్చినదిగాని కాంగ్రెసునకు వచ్చినది కాదను భావముతో గాంధీగారే యీ పద్ధతిని ప్రోత్సహించిరని పలువురు వ్రాసియున్నారు. ఆహ్వానమునకు మూలమెవ్వరైనను, దానిని అమలుపరచినవారు నెహ్రూ పటేలులు. ఆ యిరువురికి కీర్తి సమముగా చెందవలసినది.

రెండవ ప్రశ్నకు సమాధానము మరింత విలువైనది. అంబేద్కరుగారు దేశవిభజనచేత బెంగాలునుండి తనకు గల సభ్యత్వమును కోల్పోగా, 1947 జులైలో కాంగ్రెసువారే ఆయనను బొంబాయినుండి ఎన్నుకొనిరి. అయినను ఆయన కాంగ్రెసులో చేరలేదు. తాను 1942లో స్థాపించిన షెడ్యూల్డు కులముల సమాఖ్యను విడువలేదు. తాను వ్రాసిన గ్రంథమును ఉపసంహరించుకొనలేదు. ముఖర్జీగారును మంత్రియగుటకై మహాసభకు రాజీనామా నీయలేదు. గాంధీగారి హత్య జరిగిన 1948లోనే, వేరు కారణములచేత, ఆ సంస్థకు దూరమైరి. పిలిచినవారు క్షమాపణపత్రము కోరలేదు. వచ్చినవారు క్షమాపణ చెప్పలేదు. అభిప్రాయభేదమును గుమ్మమువెలుపల విడిచి రమ్మని యడుగకుండుటయే యీ యాహ్వానమునందలి గౌరవము.

మూడవది, వారిచేత పని చేయించినారా, లేక కూర్చుండబెట్టినారా? షణ్ముఖం చెట్టిగారు 1947 నవంబరు 26వ తేదీన స్వతంత్రభారతపు మొదటి బడ్జెటును సమర్పించిరి. అందు ఆదాయము 171 కోట్ల రూపాయలు, వ్యయము 197 కోట్ల రూపాయలు. ఆ వ్యయములో సగమునకు దగ్గరగా రక్షణకే చెల్లినది. ముఖర్జీగారు పరిశ్రమల మంత్రిగా నుండగా 1948 ఏప్రిలులో పారిశ్రామిక విధాన ప్రకటన వెలువడెను. అంబేద్కరుగారు 1947 ఆగష్టు 29వ తేదీన ఏర్పడిన ముసాయిదా సంఘమునకు అధ్యక్షులై, రెండేండ్లకు పైగా వాదములు, సవరణలు, ఆక్షేపణలు అన్నిటికిని నిలిచి, 1949 నవంబరు 26న రాజ్యాంగమును సభ ఆమోదించువరకు దానిని నడిపిరి. ఆ రాజ్యాంగము కాంగ్రెసు పక్షముయొక్క శాసనముగా కాక దేశముయొక్క శాసనముగా నిలుచుటకు గల కారణములలో, దాని నిర్మాణమున కాంగ్రెసు విమర్శకుని చేయి ఉండుట యొకటి. అస్పృశ్యతను నిషేధించు పదునేడవ అధికరణమును, ఆ బాధ ననుభవించినవాడే అధ్యక్షుడైన సంఘము సభముందుంచుట చిన్నవిషయమా?

అయినను ఈ కథయంతయు పూలబాట కాదు. మహాభారతమున యుద్ధానంతరము ధర్మరాజు, ధృతరాష్ట్రుని పక్షముననుండిన సంజయుని పిలిచి ఆయవ్యయముల విచారణ నప్పగించెను. ధృతరాష్ట్రుని తండ్రివలె గౌరవించెను. కాని భీముని మనసు కరుగలేదు. అన్న వినకుండునప్పు డాతడాడిన పరుషవాక్యములు ఆ వృద్ధుని తుదకు అడవికి పంపినవి. నాయకుని యౌదార్యము అనుచరులకు అంటకున్నచో నిట్టిదే జరుగును. అంబేద్కరుగారు స్త్రీలకు ఆస్తిహక్కును, విడాకుల హక్కును కల్పింపదలచిన హిందూకోడు బిల్లును ప్రాణసమానముగ చూచుకొనిరి. ప్రధాని దానికి అనుకూలుడు. ప్రధాని పక్షములో పలువురు ప్రతికూలురు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారికిని అది సమ్మతము కాదు. 1951 సెప్టెంబరులో బిల్లు నడిమధ్యన నిలిచిపోగా ఆయన రాజీనామా నిచ్చిరి. అక్టోబరులో సభలో తన కారణములు చెప్పుకొనబోగా, ఉపసభాపతి అనంతశయనం అయ్యంగారుగారు ప్రకటన ప్రతిని ముందుగా చూపవలెననిరి. అంబేద్కరుగారు దాని కొప్పక సభ విడిచి వెళ్లి, ఆ ప్రకటనను పత్రికలకిచ్చిరి. రాజ్యాంగమును సభలో నడిపించిన మంత్రి అదే సభలో వీడ్కోలుమాట చెప్పుకొనలేకపోయెను. ఆహ్వానమునందు చూపిన మర్యాద వీడ్కోలునందు చూపలేకపోయిరని చెప్పక తప్పదు.

నాలుగవ ప్రశ్నకు ఇందే సగము జవాబున్నది. ముఖర్జీగారు 1950 ఏప్రిలులో నెహ్రూ లియాకతు ఒడంబడికను నిరసించి మంత్రిపదవిని త్యజించి, 1951లో జనసంఘమును స్థాపించి, 1952లో లోకసభయందు నెహ్రూగారి కెదురుగా కూర్చుండిరి. షణ్ముఖం చెట్టిగారు అంతకుముందే, 1948లో, ఆదాయపుపన్ను విచారణల వ్యవహారముపై రేగిన విమర్శల నడుమ వైదొలగిరి. అంబేద్కరుగారు 1952లో బొంబాయినుండి పోటీచేసి కాంగ్రెసు చేతనే ఓడిరి. ఇది ప్రయోగము విఫలమగుటగా కొందరు చెప్పుదురు. మేమట్లు తలంపము. పదవిలోనుండి లేచిపోగలవాడు పదవికి అమ్ముడుపోయినవాడు కాడు. ఎదిరింపదగిన దినము వచ్చినప్పుడు వారు లేచి ఎదిరించిరి; కలిసి పనిచేయదగిన దినములలో కలిసి పనిచేసిరి.

ఒక ఆక్షేపణ మాత్రము గణింపదగినది. విమర్శకులందరును మంత్రులైనచో విమర్శించుట కెవ్వరు మిగులుదురు? ప్రతిపక్షపు బల్లలు ఖాళీయైన సభలో ప్రజల బాధ చెప్పు గొంతు క్షీణించును. కావున ఇట్టి మంత్రివర్గము రాజ్యస్థాపనకాలమునకో, మహావిపత్తునకో తగినదిగాని, నిత్యవ్రతముగ పాటింపదగినది కాదు. రాజ్యాంగము అమలులోనికి వచ్చి ఎన్నికలు సమీపించిన కాలమునకు ఆ కూటమి విడిపోవుట ఒక విధముగ ప్రజాప్రభుత్వమునకు మేలే.

మన తెలుగునాట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు, రెండేండ్లకు పూర్వము కాంగ్రెసును వీడి దానితో పోరాడిన టంగుటూరి ప్రకాశం పంతులుగారినే కాంగ్రెసువారు ముఖ్యమంత్రిగా నంగీకరించిరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియై ఆయన క్రింద పనిచేసిరి. కాని ఇచ్చట కాంగ్రెసునకు సొంత బలము చాలకుండెను. పంతులుగారును ప్రజాసోషలిస్టు పక్షమును వీడి రావలసివచ్చెను. పదునాలుగు నెలలు నిండకముందే, 1954 నవంబరులో, మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానముతో ఒక్క ఓటు తేడాన ఆ ప్రభుత్వము కూలెను. అవసరము కట్టిన యిల్లు అవసరము తీరగానే కదలును.

నేటి సంగతి తలచిన మనసు కలుక్కుమనును. ఫిరాయింపులను అరికట్టుటకై 1985లో 52వ సవరణ వచ్చినది. 2003లో 91వ సవరణ మంత్రుల సంఖ్యను సభలో నూటికి 15కు కుదించినది. ఇన్ని కట్టలు కట్టినను వరద ఆగలేదు. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రములలోను, ఒక పక్షపు గుర్తుపై గెలిచినవారు శాసనసభ్యత్వమును అట్లే నిలుపుకొని, తామెదిరించిన పక్షముయొక్క మంత్రివర్గమున చేరుట చూచితిమి. దీనినికూడ ప్రత్యర్థులను కలుపుకొనిపోవు విశాలహృదయమని వర్ణించువారున్నారు. ఒకచోట ప్రత్యర్థి తన అభిప్రాయముతో వచ్చెను. రెండవచోట అభిప్రాయమును అమ్ముకొని వచ్చెను. ఒకచోట దేశమునకు మనిషి కావలసివచ్చెను. రెండవచోట పక్షమునకు తల యొకటి కావలసివచ్చెను. మొదటిదానిలో ఓటరు మాట నిలిచినది. రెండవదానిలో ఓటరు మోసపోయినాడు.

కావున పఠనమందిరములలో పత్రిక తిరుగవేయు సోదరులకు మా మనవి యిది. ఇకమీదట ఎవ్వరైన నాయకుడు నిన్నటి శత్రువుతో చేయి కలిపి ఛాయాచిత్రమునకు నిలిచినప్పుడు, చప్పట్లు కొట్టుటకుగాని చీదరించుకొనుటకుగాని త్వరపడక, మొదట పేర్కొన్న నాలుగు ప్రశ్నలు వేయుడు. కార్యము దేశముదై, మనిషి తన మాటతోనే వచ్చి, చేతినిండ పనిచేసి, తలయెత్తుకొని వెళ్లగలిగినచో, ఆ నాయకునికి నమస్కరింపుడు. వీనిలో ఒక్కటి లోపించినను ఎన్నికలదినమున ఆ లెక్క తీర్పుడు. ప్రత్యర్థిని గౌరవించు నేర్పు నాయకులకు ప్రజలనుండియే రావలసియున్నది.