స్లో అయితేనే సేఫ్, తమ్ముడూ!

ఫాస్ట్ చార్జింగ్ లేదంటే మనం ఫోనే కొనం. అలాంటిది, పోయిన ఆదివారం నేనే ఒక చార్జర్‌ని కావాలని స్లో చేశా.

ఆళ్లగడ్డలో మా చిన్నాయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. థర్మాకోల్‌తో బుల్లి ఆర్‌సీ విమానాలు చేయడం వాడి పిచ్చి. శనివారం నంద్యాల నుంచి వెళ్లేసరికి, వాడి బ్యాటరీ ఒకటి పూరీలా ఉబ్బి ఉంది. ఎక్కడ చార్జింగ్ పెట్టావురా అంటే అవ్వ మంచం చూపించాడు. పరుపు మీద! రాత్రిపూట, అవ్వ పడుకుని ఉండగా!

"ఏం కాలేదు గదన్నా" అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

చార్జర్ చూస్తే, టీపీ4056 చిప్ ఉన్న చిన్న బోర్డు. చాలా చవక, హాబీ వాళ్ల దగ్గర మామూలే. ఒక లిథియం సెల్‌ని 4.2 వోల్టుల దాకా నింపి, తనే ఆగిపోతుంది. మంచి బోర్డే. కాకపోతే సాధారణంగా 1 ఆంపియర్‌కి సెట్ చేసి వస్తుంది. వీడి సెల్ 500 ఎంఏహెచ్. దాని మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప అర ఆంపియర్ దాటకూడదు. మనవాడు దానికి రెట్టింపు తోస్తున్నాడు. పైగా మరీ ఖాళీ అయ్యేదాకా ఎగరేస్తాడట. అది కూడా సెల్‌కి దెబ్బే.

ఫోన్‌లో అయితే ఎంత కరెంటు తీసుకోవాలో లోపలి చిప్ చూసుకుంటుంది. ఈ విడి సెల్‌కి ఆ దిక్కు లేదు. మనమే చూసుకోవాలి.

బోర్డు మీద '122' అని రాసిన నువ్వుగింజంత రెసిస్టర్ ఉంటుంది. 12 పక్కన 2 సున్నాలు, అంటే 1200 ఓమ్‌లు. కరెంటు ఎంతో చెప్పేది అదే. 1200ని కిలో ఓమ్‌లతో భాగిస్తే సుమారుగా మిల్లీ ఆంపియర్లు వస్తాయి. 1.2 కిలో ఓమ్‌లకు 1000. అదే 4.7 పెడితే దాదాపు 250. కోడ్‌లో ఒక నెంబర్ మార్చినట్టే!

కాకపోతే నా సాల్డరింగ్ ఐరన్ మొన ఆ నువ్వుగింజ ముందు గునపంలా ఉంది. ఆదివారం వాణ్ణి బస్సెక్కించి నంద్యాల తీసుకొచ్చా. మొబైల్ రిపేర్ షాపులో వేడిగాలి పెట్టి పాతది తీసి, '472' అతికించారు. కొత్త సెల్ తగిలించి మల్టీమీటర్‌తో చూస్తే 250కి అటూ ఇటూ.

"ఫుల్ కావడానికి రెండున్నర గంటలా?" అని మొహం మాడ్చుకున్నాడు మావాడు.

మీరూ చేస్తారా? ముందు సెల్ విప్పి పక్కన పెట్టండి. కరెంటు తగ్గించండి, పెంచొద్దు. 4.2 వోల్టుల జోలికి వెళ్లొద్దు. సిరీస్‌లో ఉన్న రెండు మూడు సెల్స్ ప్యాక్‌ని ఈ బోర్డుకు తగిలించొద్దు. గోడకి పెట్టే 230 వోల్టుల అడాప్టర్ మూత అస్సలు విప్పొద్దు, ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్ షాక్ కొట్టగలదు. ఉబ్బిన సెల్‌ని గుచ్చొద్దు, మళ్లీ చార్జ్ చేయొద్దు, చెత్తలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఇప్పుడు చార్జింగ్ పంచలో, నాపరాయి మీద. అదీ పగలే, ఎవరో ఒకరు పక్కన ఉన్నప్పుడే.

"ఏమప్పా, దానికి కాపలా గూడానా?" అని ఫోన్‌లో నవ్వింది అవ్వ.

దానికి కాదవ్వా, నీకే!