యూపీఐ నియమాలు మార్చే ముందు ముసాయిదా చూపాలి

2025 మే 21న ఎన్‌పీసీఐ, అంటే మన యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ, బ్యాంకులకూ యాప్ సంస్థలకూ ఒక సర్క్యులర్ పంపింది. ఒక్కో యాప్‌లో ఖాతాదారు రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడకూడదు. తన నంబరుకు ఏయే ఖాతాలు ముడిపడి ఉన్నాయో చూసుకోవడం 25 సార్లతో సరి. ఆటోపే కింద నెలనెలా కట్ అయ్యే ఈఎంఐలు, చందాలు రద్దీ వేళల్లో, అంటే ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా, సాయంత్రం 5 నుంచి రాత్రి 9.30 దాకా నడపకూడదు. జులై 31లోగా అందరూ సాఫ్ట్‌వేర్ మార్చుకోవాలి. మార్చుకోనివారికి జరిమానా పడవచ్చు, యాప్‌లను యూపీఐతో కలిపే ఏపీఐల వాడకం మీద ఆంక్షలు రావచ్చు, కొత్త ఖాతాదారులను చేర్చుకోవడమే ఆగిపోవచ్చు. ఈ నియమాలను నేను తప్పుపట్టడం లేదు. ఆ ఏడాది మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించింది. ఏప్రిల్ నాటి అంతరాయానికి, పంపిన డబ్బు ఏమైందంటూ కొన్ని బ్యాంకుల నుంచి అదేపనిగా వచ్చిపడిన విచారణలే కారణమని తేలింది. ఒక్క 2025 ఆగస్టులోనే 2,001 కోట్ల చెల్లింపులు, 24.85 లక్షల కోట్ల రూపాయలు నడిచిన వ్యవస్థ మీద అనవసర భారం తగ్గించాల్సిందే. నా అభ్యంతరమల్లా ఆ నియమాలు వచ్చిన తీరు మీద. జనం ముందు ముసాయిదా పెట్టలేదు, అభిప్రాయాలు అడగలేదు. నేరుగా ఆదేశమే వచ్చింది.

ఆ ఆదేశం ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. బ్యాంకు కానివారెవరూ యూపీఐ యాప్‌ను సొంతంగా నడపలేరు. స్పాన్సర్ బ్యాంకు ఉండాలి, పిన్ కొట్టే తెర కూడా ఎన్‌పీసీఐ ఇచ్చిందే వాడాలి. అంతకన్నా చిన్నవాళ్లు పేమెంట్ గేట్‌వేల ద్వారా వస్తారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నలుగురు కుర్రాళ్లు కలిసి ట్యూషన్ ఫీజులు, పాల బిల్లులు వసూలు చేసే యాప్ పెట్టారనుకుందాం. సర్క్యులర్ వాళ్ల పేరున రాదు. బ్యాంకుకు వస్తుంది, బ్యాంకు గేట్‌వేకు చెబుతుంది, గేట్‌వే ఎప్పుడో ఒక ఈమెయిల్ పంపుతుంది. పది వారాల గడువులో వాళ్ల చేతికి ఎన్ని వారాలు మిగులుతాయో ఎవరూ హామీ ఇవ్వరు. ఆటోపే వేళ మారిందంటే కోడ్‌లో ఒక వరుస దిద్దితే పని అయిపోదు. మొదటిసారి డబ్బు కట్ కాకపోతే మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో తేల్చుకోవాలి, ఖాతాదారుకు వెళ్లే మెసేజ్ మార్చాలి, ఆ రోజు వసూళ్ల లెక్క సరిచూసే వేళ కూడా మార్చాలి. ఏ నియమం ఎక్కడ ఇరుక్కుంటుందో ముందుగా కనిపించేది రోజూ ఈ పని చేసేవాళ్లకే. బ్యాంకులూ పెద్ద యాప్‌లూ కూర్చునే ఎన్‌పీసీఐ స్టీరింగ్ కమిటీలో వీళ్లకు చోటు లేదు.

వినకుండా రాసిన నియమం గట్టిగా నిలబడుతుందా అంటే, అదీ లేదు. ఏ ఒక్క యాప్ కూడా మొత్తం యూపీఐ లావాదేవీల్లో 30 శాతం మించకూడదని 2020 నవంబరులో ఎన్‌పీసీఐ ప్రకటించింది. అప్పటికే పెద్దవైన యాప్‌లకు 2022 డిసెంబరు దాకా వ్యవధి ఇచ్చింది. ఆ గడువు 2024 డిసెంబరుకు, అక్కడి నుంచి 2026 డిసెంబరుకు జరిగింది. ఈలోగా ఫోన్‌పే, గూగుల్ పే రెండూ కలిసి 80 శాతానికి పైగా వాటాతో నిలిచాయి. పరిమితి దాటిన యాప్‌లో కొత్తవారిని ఎలా ఆపుతారు, కోట్లమంది అలవాటును ఎలా మళ్లిస్తారు అన్న ప్రశ్నలు మొదటి రోజే అడగదగ్గవి. వాటిని బహిరంగంగా చర్చించి ఉంటే, అమలు చేయగల పద్ధతి దొరికేది, లేదా ఆ నియమం వద్దని అప్పుడే తేలేది. 30 శాతాన్ని నమ్మి కొత్త యాప్ పెట్టినవారూ, నమ్మక మానుకున్నవారూ ఇద్దరూ నష్టపోయారు.

నేను కోరుతున్నది కొత్తదేమీ కాదు. రిజర్వ్ బ్యాంకు 2025 మే 7న తన నిబంధనల తయారీకి ఒక విధానం ప్రకటించింది. ముసాయిదాను ఎందుకో చెప్పే వివరణతో సహా ప్రచురించాలి, అభిప్రాయాలకు కనీసం 21 రోజులు ఇవ్వాలి, వచ్చిన వాటికి ఏం బదులిస్తున్నదీ చెప్పాలి. ఎన్‌పీసీఐ సర్క్యులర్ వెలువడింది ఆ తర్వాత రెండు వారాలకే! పర్యవేక్షించే సంస్థ తన మీద తాను పెట్టుకున్న క్రమశిక్షణ, దాని అనుమతితో నడిచే సంస్థకు ఎందుకు ఉండకూడదు? మొక్కుబడిగా అభిప్రాయాలు తీసుకున్నా చాలదు. కాల్ డ్రాప్‌కు రూపాయి పరిహారం ఇవ్వాలన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనను 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ట్రాయ్ సంప్రదింపులు జరిపింది కానీ, అభ్యంతరాలకు కారణాలతో జవాబివ్వలేదన్నది కోర్టు చూపిన లోపాల్లో ఒకటి.

ఎన్‌పీసీఐ చట్టం పెట్టిన సంస్థ కాదు, బ్యాంకుల లాభాపేక్షలేని కంపెనీ, దాని షరతులు ఒప్పందాలు మాత్రమే అని కొందరు అంటారు. ఇష్టం లేకపోతే వేరొకరి దగ్గరికి వెళ్లగలిగినప్పుడే ఒప్పందం అనాలి. యూపీఐకి రెండో ద్వారం లేదు. పూర్తిగా ప్రైవేటు సంస్థ అయిన గూగుల్ కూడా ప్లే స్టోర్ చెల్లింపుల షరతులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది, కానీ పూర్తిగా మాఫీ చేయలేదు.

మోసగాళ్లు వేచి ఉండరు కదా అన్నది బలమైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఎన్‌పీసీఐ గడువులే చూద్దాం. మోసాలు ఆపడానికి, వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్‌ను 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తివేసింది. ఆ సర్క్యులర్ వచ్చింది జులై చివర్లో. అమలుకు రెండు నెలలు ఆగగలిగినప్పుడు అందులో 21 రోజులు జనం మాట వినడానికి చాలవా? నిజంగా గంటల్లో ఆపాల్సిన ప్రమాదమైతే ముందు ఆదేశం ఇవ్వనివ్వండి. 90 రోజుల్లో ముసాయిదా పెట్టి ఖరారు చేయకపోతే అది రద్దు కావాలి. సంప్రదింపులు పెద్ద కంపెనీలకే లాభమన్న వాదన మాత్రం నాకు తలకిందులుగా తోస్తుంది. వాళ్ల మాట ఇప్పుడు మూసిన గదిలో చేరుతూనే ఉంది. బహిరంగపరిస్తే కనీసం వాళ్లేం అడిగారో మనకు తెలుస్తుంది.

చెల్లింపుల వ్యవస్థ పర్యవేక్షణకు 2025లో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ అధ్యక్షతన పేమెంట్స్ రెగ్యులేటరీ బోర్డు ఏర్పడింది. ఎన్‌పీసీఐ నియమాలకు 21 రోజుల ముసాయిదా, అభ్యంతరాలకు రాతపూర్వక జవాబు, ఖరారైన నియమం గేట్‌వే వెనకనున్న చివరి డెవలపర్‌కు చేరిన రోజు నుంచే లెక్కపెట్టే గడువు, శిక్ష పడినవారికి అప్పీలు: వీటిని తప్పనిసరి చేసే ఆదేశం ఆ బోర్డు ఇవ్వాలి. యాప్‌లు రాసేవారూ, క్యూఆర్ కోడ్ పెట్టుకున్న దుకాణదారులూ, కాలేజీల్లో ఈ పని నేర్చుకుంటున్న విద్యార్థులూ బోర్డుకు ఉత్తరం రాయండి. మీ సంఘం తరఫున తీర్మానం చేసి పంపండి, మీ ఎంపీకి ఒక ప్రతి ఇచ్చి పార్లమెంటులో ప్రశ్న వేయమని అడగండి.