భుజం నొప్పికి ఆపరేషనా? అప్పు చేసే ముందు ఆలోచించండి

పార పట్టినా, స్ప్రేయరు వీపుకెత్తుకున్నా, బస్తా మోసినా బరువంతా పడేది భుజం మీదే. చెయ్యి పైకెత్తితే కలుక్కుమంటుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వదు. నెలల తరబడి తగ్గకపోతే 'పై ఎముక ఒరుసుకుంటోంది, చిన్న రంధ్రం వేసి గీకేస్తే సరిపోతుంది' అంటారు. ఇక అప్పు కోసం తిరుగుడు మొదలు. రైతు సోదరులారా, అంతదాకా పోకముందే ఈ సంగతి తెలుసుకోండి.

కొత్త మందు పనితనం తేల్చాలంటే పక్కనే ఒక మడిని మందు కొట్టకుండా వదులుతాం కదా! బ్రిటన్ డాక్టర్లు ఈ ఆపరేషన్‌ను అలాగే పరీక్షించారు. 32 ఆసుపత్రుల్లో 313 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎముక గీకారు. రెండో జట్టుకు రంధ్రం వేసి లోపల చూశారే తప్ప ఏమీ గీకలేదు. మూడో జట్టుకు ఏ వైద్యమూ చేయలేదు. 6 నెలల తర్వాత చూస్తే గీకినవారికీ, గీకనివారికీ తేడా లేదు. మూడో జట్టుకన్నా వీరికి కాస్త నయమే గానీ, చెప్పుకోదగ్గంత కాదు. ఇది 2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఫిన్లాండ్‌లో రెండేళ్లపాటు గమనించి చూసినా ఫలితం ఇంతే. 2019లో నిపుణుల బృందం ఒకటి ఈ నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో గట్టిగానే చెప్పింది.

'మా ఊళ్లో ఫలానాయనకు తగ్గింది కదా' అనొచ్చు. తగ్గే ఉంటుంది. అది గీకడం వల్లనా, ఆ పేరుతో చేతికి దొరికిన విశ్రాంతి వల్లనా? ఈ పరీక్షలు తేల్చింది అదే.

అలాగని భుజానికి ఏ ఆపరేషనూ వద్దని కాదు. కిందపడి దెబ్బ తగిలి చెయ్యి లేవకపోయినా, కీలు తప్పినా, ఎముక విరిగినా ఆలస్యం చేయకండి. నొప్పితోపాటు ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే గుండె జబ్బు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. షుగరు ఉన్నవారికి భుజం పట్టేయడం ఎక్కువ, ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

మామూలు నొప్పికైతే బరువు తగ్గించుకుని, ఫిజియోథెరపీ వారు నేర్పిన వ్యాయామం కొన్ని నెలలు వదలకుండా చేయాలి. ఆపరేషన్ అంటే మొహమాటం లేకుండా అడగండి: 'ఎందుకు? చేయించుకోకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లు పని మానాలి?' విత్తనం కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసే మనం, సొంత ఒంటి విషయంలో నోరు మూసుకోవడం దేనికి?