స్విచ్ ఇంట్లో... పొగ ల్యాబ్‌లో!

ఈసీఈ, ట్రిపుల్‌ఈ చదివినవాళ్లకు ఆర్‌పీఎస్ అంటే చాలు. మిగతావాళ్ల కోసం: రెగ్యులేటెడ్ పవర్ సప్లై. కాలేజీ ల్యాబ్‌లో ప్రతి టేబుల్ మీదా ఉండే పెట్టె. సున్నా నుంచి 30 వోల్టుల దాకా ఎంత కావాలంటే అంత డీసీ ఇస్తుంది. వోల్టేజీకో నాబ్, కరెంటుకో నాబ్. కాస్త ఎక్కువ తిప్పామా, ఐసీ మాడిన వాసన ల్యాబంతా!

కంపెనీల్లో వాడే సప్లైని వెనక్కి తిప్పి చూడండి. యూఎస్‌బీ, లాన్ పోర్టులు కనిపిస్తాయి. అంటే నాబ్ ముట్టుకోకుండా ల్యాప్‌టాప్ నుంచే వోల్టేజీ మార్చొచ్చు. బద్ధకం కోసం పెట్టినవి కావులెండి. 3.3 వోల్టులతో నడిచే బోర్డు ఉందనుకోండి. 3.0 నుంచి 3.6 దాకా, 0.1 చొప్పున పెంచుతూ ఎలా పనిచేస్తుందో చూడాలి. ఏడు మెట్లు, ఒక్కో మెట్టుకి గంట. రాత్రంతా నాబ్ దగ్గర ఎవరు కూర్చుంటారు? స్క్రిప్ట్ కూర్చుంటుంది. నా ఉద్యోగంలో చాలా రోజులు ఇదే పని. బోర్డు ఆఫీసు ల్యాబ్‌లో, నేను ఇంట్లో.

ఈ పెట్టెతో మాట్లాడే భాష పేరు ఎస్‌సీపీఐ. నోటితో 'స్కిప్పీ' అంటారు. 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లు తమ పరికరాలను కలపడానికి ఒక కేబుల్ పద్ధతి తయారుచేశారు. 1975లో అదే ఐఈఈఈ 488 ప్రమాణం అయింది. జీపీఐబీ అనేది దాన్నే. కేబుల్ ఒకటైనా కమాండ్లు మాత్రం కంపెనీకో రకం. 1990లో స్కిప్పీ వచ్చాకే ఆ గోల తగ్గింది.

భాష చాలా సింపుల్. 'స్టార్ ఐడీఎన్ క్వశ్చన్ మార్క్' అని పంపితే పెట్టె తన కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ చెబుతుంది. 'నువ్వెవరు?' అని అడగడమన్నమాట. 'వోల్ట్ 3.3' అంటే 3.3 వోల్టులు పెట్టు. 'కర్ 0.5' అంటే అర ఆంపియర్ మించి ఇవ్వకు. 'అవుట్‌పుట్ ఆన్' అంటే ఇక వదులు. పైథాన్‌లో పైవీసా లైబ్రరీ ఉంటే పది లైన్ల కోడ్. మోడల్‌ని బట్టి చిన్న తేడాలుంటాయి, మాన్యువల్ చూసుకోవాలి.

చెప్పడం వేరు, జరగడం వేరు

సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఒక అలవాటుంది. ఎర్రర్ రాలేదంటే పని అయిపోయినట్టే అనుకుంటాం. ఇక్కడ ఆ లెక్క కుదరదు. 'వోల్ట్' పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టి అడిగితే మీరు పెట్టిన నంబరే తిరిగొస్తుంది. నిజంగా ఎంత ఉందో తెలియాలంటే 'మెజర్ వోల్ట్' అని అడగాలి. బోర్డులో షార్ట్ ఉందనుకోండి, కరెంటు లిమిట్ తగిలి వోల్టేజీ పడిపోతుంది. పెట్టింది 3.3, ఉన్నది 0.4 కావచ్చు. కమాండ్ తప్పు రాసినా చాలా పెట్టెలు కిక్కురుమనవు. 'సిస్టమ్ ఎర్రర్' అని అడిగితేనే నోరు విప్పుతాయి.

వైర్ల సంగతి ఇంకోటి. బోర్డు 2 ఆంపియర్లు లాగుతోంది, వైర్ల రెసిస్టెన్స్ 0.1 ఓమ్. అంటే దారిలోనే 0.2 వోల్టులు పోతాయి. బోర్డుకి చేరేది 3.1. పెట్టె కొలిచేది తన టెర్మినల్స్ దగ్గర కాబట్టి దానికిది కనపడదు. మంచి సప్లైలకు సెన్స్ టెర్మినల్స్ ఉండేది ఇందుకే. ఇంకో రెండు సన్న వైర్లు బోర్డు దాకా లాగితే అక్కడి వోల్టేజీ చూసి పెట్టె తనే సర్దుకుంటుంది.

లింక్ తెగితే?

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఇంట్లో నెట్ పోయింది, లేదా ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయింది. మామూలుగా పెట్టెకి ఇవేవీ తెలియవు. చివరిగా చెప్పిన వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది. స్క్రిప్ట్ చివర 'అవుట్‌పుట్ ఆఫ్' రాశాం కదా అంటారేమో. ఆ లైన్ దాకా స్క్రిప్ట్ బతికుండాలి కదా! అటువైపు ఉన్నది లిథియం అయాన్ సెల్ అయితే? మామూలు రకం సెల్‌ను 4.2 వోల్టులు దాటి ఛార్జ్ చేయకూడదు. దాటితే వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, మంటలూ రావచ్చు.

మా ల్యాబ్ చూసుకునే అన్న ఒకాయన ఉన్నారు. రిమోట్ యాక్సెస్ ఇచ్చేముందు డేటాషీట్ అడుగుతారు. ఓవర్ వోల్టేజీ ప్రొటెక్షన్, కరెంటు లిమిట్ రెండూ ప్యానెల్ మీద తన చేత్తోనే పెడతారు. "స్క్రిప్ట్‌లో ఉన్నాయి కదన్నా" అన్నాను ఓసారి. "నువ్వు నొక్కేది ఇంట్లోంచి. పొగొచ్చేది ఇక్కడ. పీల్చేది నేను" అన్నారు. ఇంకేం మాట్లాడతాం!

దూరం నుంచి నడిపేవాడికి వాసన రాదు, వేడి తగలదు. అందుకే కాపలా పెట్టెలోనే ఉండాలి. పై బోర్డుకి ఓవర్ వోల్టేజీ 3.8 దగ్గర పెట్టారనుకోండి. స్క్రిప్ట్‌లో 3.3 బదులు 33 పడినా 3.8 దాటగానే అవుట్‌పుట్ ఆగిపోతుంది. ఆ లిమిట్‌ని మార్చే కమాండ్ మాత్రం టెస్ట్ స్క్రిప్ట్‌లో ఎప్పుడూ రాయకండి. కొన్ని మోడళ్లలో వాచ్‌డాగ్ ఉంటుంది. ఇన్ని సెకన్ల పాటు కమాండేదీ రాకపోతే అదే ఆఫ్ చేసేస్తుంది. ఉంటే తప్పకుండా వాడండి.

ఆన్ చేసేముందు ల్యాబ్ గ్రూప్‌లో ఒక మెసేజ్: 'ఆన్ చేస్తున్నా, ఎవరైనా వైరింగ్ మీదున్నారా?' జవాబు వచ్చేదాకా ఆగండి. కొన్ని సప్లైలు వందల వోల్టులు ఇస్తాయి. అక్కడ సంగతి ప్రాణాల మీదికొస్తుంది.

ఇంకో మాట. లాన్‌లో స్కిప్పీ సాధారణంగా 5025 పోర్టు మీద నడుస్తుంది. చాలా పెట్టెలు అక్కడ పాస్‌వర్డ్ అడగవు. ఎవరు చెప్పినా వింటాయి. కాబట్టి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి నెట్‌కి వదిలేయకండి. వీపీఎన్ లోంచే వెళ్లండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఇలాంటిది చేస్తున్నారా? అయితే వరుస ఇది, స్క్రీన్‌షాట్ తీసుకోండి: ముందు ఆఫ్, తర్వాత లిమిట్లు, తర్వాత వోల్టేజీ, గదిలో ఉన్నవాళ్లకు కబురు, అప్పుడు ఆన్, వెంటనే మెజర్. స్క్రిప్ట్ చచ్చిపోతే మెయిన్ స్విచ్ ఆపేదెవరో, ఆ మనిషి ఫోన్ నంబరేంటో కోడ్ మొదటి లైన్లో కామెంట్‌గా రాసి పెట్టుకోండి.